వేలికి తగిలే గరుకు

నేను ఒక చేపల కత్తిని. కత్తి అనగానే కొందరికి కోటలూ తెగిపడిన తలకాయలూ గుర్తొస్తాయి. నేను తెగ్గోసిన తలలన్నీ వంజరాలవీ పండుగప్పలవీను, అవి కూడా నా దగ్గరికి వచ్చేసరికే చచ్చిపోయినవి. పుట్టినప్పుడు నా అంచుకీ వెన్నుకీ మధ్య మూడు వేళ్ల వెడల్పుండేది. ఇప్పుడు ఒక్క వేలు మిగిలింది. చూసినవాళ్లు, పాపం ఎన్ని చేపలు కోసి ఇలా అరిగిపోయిందో అనుకుంటారు. అదేం కాదు. నేను అరిగినదాంట్లో ఎక్కువ భాగం ఒక్క చేపనైనా కోయకుండా అరిగిందే. అదెలాగో చెప్పాలనే ఈ కథ మొదలుపెట్టాను.

జపానులో ఒసాకా పక్కన సకాయ్ అనే ఊళ్లో పుట్టాను. అక్కడ ఒక కత్తిని ఒక్క మనిషే చెయ్యడు. ఒకడు నిప్పుల్లో కాల్చి సుత్తితో సాగగొడతాడు, ఇంకొకడు రాళ్ల మీద అరగదీసి అంచు తీస్తాడు, మూడోవాడు పిడి తొడుగుతాడు. ఒకడి పనిలో ఇంకొకడు వేలు పెట్టడు, కాని అవతలివాడి పనికి వంకలు మాత్రం తీరిగ్గా పెడతాడు. నా ఒంట్లో మెత్తటి ఇనుమూ గట్టి ఉక్కూ రెండూ కలిపి కొట్టారు. ఒక పక్క ఏటవాలుగా, ఇంకో పక్క చదునుగా ఉంటాను. మెడకు బర్రెకొమ్ము కట్టు, కింద తెల్లటి తేలికైన చెక్కపిడి. ఆ గట్టి ఉక్కు మీద నాకు మహా గర్వం. గర్వానికి తగ్గ రోగమూ ఉంది: కాస్త తడి ఆరకపోతే తుప్పు పడతాను, ఎముక మీద పెట్టి మెలితిప్పితే పెచ్చు ఊడతాను. చాకిరీ ఎంతైనా చేస్తాను గాని నన్ను కంటికి రెప్పలా చూసుకునేవాడు కావాలి.

అలాంటివాడు దొరకడానికి చాలాకాలం పట్టింది. అంగట్లో నా పక్కన తళతళలాడే కత్తులుండేవి, ఒంటిమీద అలల ముగ్గులేసుకుని. వచ్చినవాళ్లు వాటినే తీసుకునేవారు. మనుషులు కత్తిని కూడా పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు రంగు చూసే ఖాయం చేసుకుంటారు. నేనేమో బూడిదరంగు మొహం వేసుకుని మూలన కూర్చునేదాన్ని.

ఒకరోజు ఒక నల్లటి, బలమైన మనిషి వచ్చాడు. రేవులో ఆగిన సరుకు ఓడలో వంటవాడు. పేరు చోడిపల్లి నరసింగరావు, ఊరు విశాఖపట్నం. తళుకు కత్తుల వంక ఒకసారి చూసి దాటిపోయాడు. నన్ను చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని, బరువు ఎటు లాగుతోందో చూశాడు. తర్వాత ఒక కన్ను మూసి వెన్ను వెంబడి చూశాడు, ఎక్కడైనా వంకరుందేమోనని. ఆఖర్న అంచును వెలుతురుకేసి పట్టాడు. పదునైన అంచు వెలుతురులో కనిపించదు. మొద్దుబారిన చోటే మెరుస్తుంది. నా అంచు మీద ఎక్కడా మెరుపు లేదు. అతని మొహం మీద వచ్చింది.

అంగడి ముసలామె సైగలతో మూడు సంగతులు అడిగింది. ఏ చేతివాటం? అతను కుడిచెయ్యి చూపించాడు. ఏం కోస్తావు? గాల్లో చేప బొమ్మ గీశాడు. పదును ఎవరు పెడతారు? తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ మూడో జవాబుకు ఆమె మొదటిసారి నవ్వింది. లోపలికెళ్లి సానరాయి ఒకటి తెచ్చి నాతో పాటు కట్టి ఇచ్చింది. రాయి పట్టడం రానివాడైతే ఆమె నన్ను ఇచ్చేది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

ఓడలో కొన్నేళ్లు తిరిగాం. తర్వాత నరసింగరావు ఓడ ఉద్యోగం మానేసి, విశాఖలో ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో, ఇంటి ముందు గదిలోనే చిన్న మెస్సు పెట్టాడు. చేపలు తేవడం, కోయడం, వేపుళ్లు అతనివి. అన్నమూ పులుసూ అతని భార్య పోలమ్మవి. లారీ డ్రైవర్లూ, హార్బరు కూలీలూ, పోర్టు గుమాస్తాలూ వచ్చి తినేవారు. ముళ్లు తీసిన చేప ముక్కలు ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా అంత నున్నగా ఉండేవి కావు. మెచ్చుకోలంతా వంటకే వచ్చేది. నన్నెవరూ అడిగిన పాపాన పోలేదు.

వంటింట్లో నాకంటే ముందునుంచీ పోలమ్మ కత్తిపీట ఉంది. దానిది వింత దర్జా. అది కూర్చున్నచోటే కూర్చుంటుంది, అత్తగారిలా. వంకాయైనా సొరకాయైనా తనే దాని దగ్గరికి రావాలి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గాని మేం సర్దుకున్నాం. కూరగాయలు దానివి, చేపలు నావి.

పోలమ్మకు నేనంటే మొదట్లో కొంచెం బెదురు, బోలెడు భక్తి. కత్తిని చేతికి చెయ్యి అందుకోకూడదు, అలా అందుకుంటే మొగుడూపెళ్లాలకు పోట్లాటలొస్తాయని ఆమె నమ్మకం. అందుకని నరసింగరావు నన్ను నేలమీద పెట్టేవాడు, ఆమె నేలమీంచి తీసుకునేది. నేను ఆ ఇంటికి వచ్చిన మొదటి దసరాకు ఆమె ఆయుధపూజ చేసింది. నన్ను కడిగి, ఒంటినిండా తడిపసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, మొనకు నిమ్మకాయ గుచ్చి దేవుడి గూట్లో పెట్టింది. పూజలో పెట్టిన ఆయుధాన్ని మర్నాడు దాకా ముట్టుకోకూడదట. మర్నాటికి నాకు ఒళ్లంతా తుప్పు. నరసింగరావు చూసి లబోదిబోమన్నాడు.

"ఏటే, దేవుడికి పూజని సెప్పి నా కత్తినే బలిచ్చేసినావేటి?"

పోలమ్మ నాలిక్కరుచుకుంది. అతను కోప్పడదామనుకుని, ఆమె మొహం చూసి నవ్వేశాడు. తుప్పంతా పోయింది గాని, బొట్టు పెట్టినచోట చిన్న నల్లటి గుంట మిగిలిపోయింది, వెన్నుకు దగ్గరగా. ఆ తర్వాత దసరాలన్నిటికీ బొట్టు నా పిడికే.

అతను నన్ను చూసుకున్న తీరు చెప్పాలి. పని కాగానే కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, కాస్త నూనె రాసి, చెక్క ఒరలో పెట్టేవాడు. నన్నెప్పుడూ గిన్నెల మధ్య పడెయ్యలేదు. వారానికోసారి రాయిని నీళ్లలో నానబెట్టి, పీట వేసుకుని కూర్చునేవాడు. కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమచేతి వేళ్లతో నా అంచును రాయికి నొక్కి, మెల్లగా ముందుకీ వెనక్కీ. రుద్దగా రుద్దగా అంచుకు అవతలి పక్కన సన్నటి గరుకు లేస్తుంది. కంటికి ఆనదు. వేలికొసతో తడిమితేనే తెలుస్తుంది. అది లేచిందంటే పదును అంచు దాకా వచ్చిందని లెక్క. అప్పుడు నన్ను తిప్పి, చదునుపక్క రాయిమీద రెండుసార్లు తేల్చి ఆ గరుకు తీసేస్తే సరి. పని మొత్తానికి సాక్షి ఆ వేలికొస ఒక్కటే. నరసింగరావు వేలు గరుకును పట్టుకోగానే "ఆఁ" అనేవాడు, చంటిపిల్ల మొదటిసారి నవ్వితే తండ్రి అన్నట్టు. వాళ్లకు పిల్లల్లేరు. ఆ "ఆఁ" కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

ఆ వేళ్లకే జబ్బు చేసింది. ముందు సుగరన్నారు. తర్వాత కొన్నాళ్లకు పొయ్యిమీది మూకుడు చెవులను ఉత్తచేతులతో పట్టుకుని దింపాడు. చర్మం కాలిన వాసన పోలమ్మకు వచ్చింది గాని అతనికి చేతులు కాలినట్టే తెలియలేదు. డాక్టరు సూదితో అతని వేలికొసల్ని గుచ్చి చూశాడు. స్పర్శ పోయిందనీ, ఇకనుంచి కాలినా తెగినా తెలియదనీ, ఈ ఒంటికి పుండు పడితే మానడం కష్టమనీ చెప్పాడు. పోలమ్మకు ఆ మాట కొత్తేం కాదు. ఆమె అన్నకు కాలివేలికి గుచ్చుకున్న ముల్లు చివరికి మోకాలి దాకా కాలు తీయించింది. ఆ తర్వాత ఆయన ఎన్నాళ్లో బతకలేదు.

ఇంటికి రాగానే ఆమె నా వంక చూసిన చూపు నాకు గుర్తుంది. ఇంట్లో దూరిన పామును చూసినట్టు చూసింది.

"మావా, ఆ కత్తి మానెయ్యి. సేపలు కోయించుకుని తెచ్చుకుందారి. నీ ఏళ్లకింక ఏటీ తెలవదు."

"నా సేతులతో మరేటి సెయ్యమంతావే? కత్తి ఒగ్గేత్తే నానేటి, ఉత్త మడిసిని. పదునైన కత్తి నన్నెందుకు కోత్తాది?"

"నీకు తెలవకుండా కోసేత్తే?"

మర్నాడు పొద్దున్నే హార్బరుకు చేపలకని వెళ్లాడు.

అతనలా వెళ్లగానే పోలమ్మ నన్ను ఒరలోంచి తీసింది. పెరట్లోకి తీసుకెళ్లింది. బట్టలుతికే సిమెంటు చప్టా ముందు కూర్చుని, నన్ను రెండు కళ్లకూ అద్దుకుంది. "నన్ను సెమించు తల్లీ" అంది. నాకేం అర్థం కాలేదు. ఆ మరుక్షణం నా అంచును నిలువుగా చప్టా అంచుకేసి పెట్టి బర్రున లాగింది.

నిప్పుల్లో కాల్చినప్పుడు కూడా అంత బాధ పడలేదు నేను. ఆమె లాగుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. పదును పోయేదాకా లాగి, కడిగి, తుడిచి, నూనె రాసి, ఎలా తీసిందో అలా ఒరలో పెట్టేసింది. ఆమె లెక్క చాలా తేలిక. కోయలేని కత్తి ఎవరినీ కోయలేదు. మొద్దు కత్తయితే మొగుడి వేళ్లు మిగులుతాయి. మీరైనా ఆ లెక్కే వేస్తారు. వంటింట్లో చేతికి దొరికిన ఆయుధాన్నల్లా మొద్దుబార్చి నిశ్చింతగా పడుకునే జాతి మీది.

నరసింగరావు హార్బరు నుంచి వచ్చి వంజరం మీద నన్ను పెట్టాడు. తెగలేదు. చర్మం నలిగింది. అతను నన్ను వెలుతురుకు పట్టి చూస్తే అంచు పొడుగునా మెరుపు. నిన్ననే పదును పెట్టాను కదా అని గొణుక్కుని మళ్లీ రాయి నానబెట్టాడు. చాలాసేపు రుద్దాడు. గరుకు లేచింది. నాకు తెలుస్తూనే ఉంది. అతని వేలు దానిమీద అటూ ఇటూ తిరిగింది, దాటిపోయింది, మళ్లీ వచ్చింది. చచ్చిన వేలు, దానికేం తెలుస్తుంది? "ఇక్కడే ఉంది చూడవయ్యా" అని అరవాలనిపించింది. కోయడం తప్ప ఇంకో విద్య నాకు చేతకాదు.

ఇలా కొన్నాళ్లు నడిచింది. అతను పెట్టడం, ఆమె తియ్యడం. మొగుడూపెళ్లాల మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. అతనికి అనుమానం భార్యమీదికి పోలేదు. తన చేతిమీదికే పోయింది. గరుకు లేవకుండానే ఆపేస్తున్నానేమో, అందుకే పదును నిలవడం లేదేమో అనుకున్నాడు. ఒకనాడు రాయి దగ్గర్నుంచి పోలమ్మను పిలిచాడు.

"ఒలే, ఇలా రా. నా ఏలికి తెలవట్నేదు. నీ ఏలెట్టి సూడు. గరుకు తగల్తన్నాదేటి?"

పోలమ్మ వంగి నా అంచు అవతలి పక్కన వేలు పెట్టింది. గరుకు నిండుగా ఉంది, మొన నుంచి పిడి పక్కన మడమ దాకా. ఆమె వేలు దానిమీద ఆగింది. తెలిసింది ఆమెకు. ఆమె మొగుడి మొహంలోకి చూసింది. ఈ ఒక్కమాటతో అతను కత్తి వదిలేస్తాడనే ఆశ ఆమె కళ్లలో కనిపించింది.

"నేదు మావా. ఏటీ తగల్నేదు."

నరసింగరావు నన్ను రాయి పక్కన పెట్టేశాడు. "అయితే నా సేతిలో పని సచ్చిపోనాదన్నమాట" అన్నాడు. ఆ మాట అన్నవాడి గొంతు నేను అంతకుముందెప్పుడూ విననిది. పోలమ్మ లోపలికెళ్లి పొయ్యి ముందు కూర్చుని చెంగు నోట్లో కుక్కుకుంది. ఇద్దరి మీదా నాకు జాలేసింది, ఇద్దరి మీదా కోపమొచ్చింది.

అతను కత్తి వదల్లేదు. మొండిగా బలం పెంచాడు. నాకు తెగనిచోట భుజం బరువు కూడా వేసి నొక్కేవాడు. నాలాంటి కత్తిని నొక్కకూడదు, లాగాలి. అది అతనికంటే బాగా ఎవరికి తెలుసు? అయినా మొద్దు కత్తితో గడవాలంటే నొక్కక ఏం చేస్తాడు?

ఆరోజు పండుగప్ప వచ్చింది, పెద్దది. దాని పొలుసు గోడపెంకులా ఉంటుంది. నరసింగరావు ఎడమచేత్తో తల దగ్గర అదిమిపట్టి, మొప్ప వెనక నన్ను ఆనించి, బలంగా నొక్కాడు. పదునుంటే ముక్కులోకి గాలి దిగినట్టు లోపలికి దిగేదాన్ని. దిగలేదు. పొలుసుమీద సర్రున జారాను. జారి ఎక్కడికి పోతున్నానో నాకు తెలుసు, ఆగడమే నా చేతిలో లేదు. చేప చర్మాన్ని కోయలేని నేను అతని చూపుడువేలి కణుపులో ఎముక దాకా దిగాను. వెనక అంత బరువుంటే మొద్దు కత్తయినా దిగుతుంది.

అతనికి తెలియలేదు. నన్ను పైకి తీసి మళ్లీ మొప్ప వెనక పెట్టుకున్నాడు. ఈ చేపకు ఇంత నెత్తురేమిటా అని చెక్కవైపు చూస్తున్నాడు. పోలమ్మ పులుసు గరిటెతో వచ్చి, చూసి, గరిటె వదిలేసింది.

పుండు మానలేదు. ముందు వేలు నల్లబడింది. వేలు తీసేశారు. తర్వాత పక్కవేలు కూడా తీసేశారు. మెస్సు తలుపులు మూతపడ్డాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక మధ్యాహ్నం అతను కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పోలమ్మ ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతోంది. అతను మామూలుగా, వాన గురించి మాట్లాడినట్టు అన్నాడు:

"తప్పంతా నాదేనే. పదును సరిగ్గా ఎట్టుంటే అది జారేది కాదు. మొద్దు కత్తే మడిసిని కోసేది. పదునున్నది ఎల్లాల్సిన సోటికే ఎల్తాది."

పోలమ్మ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "ఏటన్నావు?" అని అడిగింది. అతను మళ్లీ అదే చెప్పాడు, ఇంకా వివరంగా. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకు ఓడలో మొట్టమొదట చెప్పే సంగతి అదేనన్నాడు. ఇన్నేళ్లలో నీకు చెప్పనే లేదు కదూ అన్నాడు. చెప్పలేదు. ఆమె అడగలేదు. ఒరతో సహా గోడకు వేలాడుతూ నేనా మాటలు వింటున్నాను, ఆమె మొహం చూస్తున్నాను. ఆమె మీద నాకున్న కోపం ఆ క్షణంతో పోయింది.

ఆ వారంలోనే అతను రాయి నానబెట్టమన్నాడు. ఎడమచేతికి నొక్కే వేళ్లు లేవు కదా, ఆమెకు నేర్పిస్తానన్నాడు. నన్ను ఒరలోంచి తీసి, వంగి నేలమీద పెట్టే ఓపిక లేక, చెయ్యి చాచి ఆమెకే అందించాడు. పోలమ్మ వెనక్కి జంకింది. "తీసుకోయే, ఇంక మనకి పోట్లాటలేటి" అన్నాడు. ఆమె అందుకుంది.

ఆమె రుద్దింది. అతను "అంత నొక్కకు, వాలు మార్చకు" అంటూ పక్కనే కూర్చున్నాడు. కొత్త చెయ్యే గాని, ఓపికగల చెయ్యి. గరుకు లేచింది. ఆమె వేలు దాన్ని తాకి ఆగింది. ఈసారి అతను అడక్కుండానే ఆమె కళ్లు చెప్పేశాయి. నిమ్మకాయ తెప్పించి కోయించాడు. నేను బరువు లేనట్టు దిగాను. మర్నాడు కోయించాడు, ఆ మర్నాడూ కోయించాడు. నా పదును చెక్కుచెదరలేదు.

"సూసినావా! నీ సేతిలో ఎలా నిలబడిపోనాదో. కత్తి మంచిదే, రాయీ మంచిదే. నా సెయ్యే పాడయిపోనాది."

పోలమ్మ నోరు తెరిచింది. చెబుతుందనుకున్నాను. చప్టా సంగతి, ఆ 'నేదు' సంగతి. చెప్పమ్మా, చెబితే అతను నిన్ను కొట్టడు, ఒక్కసారి తన చేతుల్ని తిరిగి తెచ్చుకుంటాడు, అంతే కదా అనుకున్నాను. అతను నవ్వుతూ ఆమె వంక చూస్తున్నాడు, గర్వంగా. ఆమె నోరు మూసేసుకుంది. అతనలా గర్వంగా నవ్వి చాలా రోజులైందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

చెప్పడానికి ఆమెకు ఇంకా కొన్ని నెలలు దొరికాయి. ఏ రోజుకారోజు రేపు చూద్దామనుకుంది. వానాకాలం వెళ్లకముందే నరసింగరావు పోయాడు. తన చేతిపని తనకంటే ముందే చచ్చిపోయిందనుకుంటూ పోయాడు.

ఇప్పుడా ఇంట్లో చేపలు కోయడం లేదు. పోలమ్మ తనకు కావలసిన రెండు వంకాయలూ కత్తిపీట మీదే తరుక్కుంటుంది. అయినా వారానికోసారి రాయి నానబెడుతుంది. అతని పీట మీద కూర్చుని, నన్ను కళ్లకద్దుకుని, రుద్దడం మొదలుపెడుతుంది. వాడని కత్తికి పదును ఎందుకని పక్కింటివాళ్లు అడిగి అడిగి మానేశారు. పదును పోనేలేదు, పెట్టాల్సిన అవసరమే లేదు. ఆమె పెడుతుంది, నేను అరుగుతాను. వెన్ను పక్కనున్న ఆ దసరా బొట్టు మచ్చ దగ్గరికి అంచు వచ్చేసింది. ఆ మచ్చ కూడా పోయాక నేను కత్తినని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. నాకు దిగులు లేదు. చప్టా మీద అరిగినదానికంటే రాయిమీద అరగడం నయమే.

చివర్న ఆమె చెయ్యి ఆపుతుంది. వేలికొసతో నా అంచు అవతలి పక్కన మొన నుంచి మడమ దాకా మెల్లగా తడుముతుంది. గరుకు దొరుకుతుంది. ప్రతివారం దొరుకుతుంది. అప్పుడామె తలెత్తి, అతను ఆనుకుని కూర్చునే గోడవైపు తిరిగి, అతనికి వినిపించేంత గట్టిగా చెబుతుంది:

"తగల్తన్నాది మావా. తగల్తన్నాది."